రంగము పోయిన ఆంధ్రుల నిత్యజీవితము

ఉత్తరాంధ్ర తీరమునందలి పల్లెలలో "వాడు రంగము పోయినాడు" అను మాట మూడు నాలుగు తరముల క్రిందట ఇంటింటను వినబడెడిది. రంగమనగా రంగూను నగరము. ఆనాటి బర్మాదేశమునకు రాజధాని, నేటి యాంగోను. కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమని మన పెద్దలనిరి. రంగము పోయినవాడు మాత్రము తిరిగి వచ్చెదనను నమ్మకముతోనే పోయెడివాడు. రెండు మూడేండ్లు కష్టించి, చేసిన అప్పు తీర్చి, ఎకరమో అర ఎకరమో కొని, తాటాకుల ఇంటిపై పెంకు వేయింపవలెనని అతని కోరిక. పరదేశమున స్థిరపడవలెనను తలంపు అతనికి లేదు. ఈ సంగతి శ్రోతలు మనసున నుంచుకొనవలెను. తరువాతి కథ అంతయు దీని చుట్టును తిరుగును.

మన చరిత్ర గ్రంథములలో రాజుల దండయాత్రలకును సంధులకును కావలసినంత చోటు కలదు. లక్షలమంది సామాన్యులు సముద్రము దాటిపోయి బ్రతికిన వృత్తాంతమునకు మాత్రము జనాభా పట్టికలో ఒక వరుస దక్కినది. ఓడ దిగిన కూలి ఆ రాత్రి ఎక్కడ పండుకొనెను? ఇంటికి రొక్కమును, క్షేమసమాచారమును ఏ దారిని పంపెను? జబ్బు చేసినచో అతనిని ఎవరు చూచిరి? తాను ఫలానావాడనని చెప్పుటకు అతని చేత ఏ కాగితముండెను? ఈ ప్రసంగమున మేము ఈ చిన్న ప్రశ్నలనే ఎత్తుకొనుచున్నాము. చూడగా చూడగా ఇవియే పెద్ద ప్రశ్నలని తోచును.

తెలుగువారికి బర్మాతోడి సంబంధము ఆంగ్లేయుల పాలనతో పుట్టినది కాదు. బర్మీయులు తెలుగువానిని "కోరంగీ" అని పిలిచిరి. కాకినాడ చెంత, గోదావరి పాయ సముద్రమున కలియుచోట నుండిన కోరంగి రేవు పేరే అది. ఓడలు కట్టుటకు పేరొందిన ఆ రేవును 1839లో వచ్చిన తుపాను, ఉప్పెనతో రూపుమాపెను. పట్టణము పల్లెగా మిగిలెను. రేవు పోయినను దాని పేరు సముద్రమునకు ఆవలియొడ్డున నూరేండ్లకు మించి నిలిచినది.

అయినను వేలు, లక్షలుగా జనము కదలుట పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున జరిగినది. ఆంగ్లేయులు మూడు యుద్ధములు చేసి 1826, 1852, 1885 సంవత్సరములలో బర్మాను అంచెలుగా కైవసము చేసికొనిరి. 1869లో సూయజు కాలువ తెరువబడగా బర్మా బియ్యమునకు ఐరోపా అంగడి దగ్గరయ్యెను. ఐరావతీ నదీముఖమున 1850 ప్రాంతమున పదిలక్షల ఎకరములకు లోపుగా నుండిన వరిసాగు 1930 నాటికి ఎనుబది లక్షల ఎకరములను దాటెను. అడవి కొట్టి పొలము చేసినవాడు బర్మా రైతు. ఆ ధాన్యము దంచు మిల్లులకును, బస్తాలు మోయు రేవులకును మనుష్యులు చాలకపోయిరి. ఇచట గంజాము, విశాఖపట్టణము, గోదావరి మండలములలో భూమి కొద్ది, అప్పు పెద్ద. అచట కూలి ఎక్కువ. ఈ రెండింటి నడుమ పొగయోడ నడిచినది.

1920 తరువాతి పదియేండ్లలో ఏటేట మూడు నాలుగు లక్షలమంది భారతీయులు రంగూను రేవున దిగుచుండిరి. ఇంచుమించు అంతమందియు తిరిగి పోవుచుండిరి. 1931 జనాభా లెక్కల ప్రకారము రంగూనులో నాలుగు లక్షల జనముండగా అందులో సగమునకు మించి భారతీయులే. బర్మా మొత్తమున పదిలక్షలకు పైబడిన భారతీయులలో తెలుగువారు లక్షన్నరకు తక్కువ కారు.

ఇక ప్రయాణము సంగతి. గోపాలపురము, కళింగపట్టణము, భీమునిపట్టణము, విశాఖపట్టణము, కాకినాడ రేవులలో జనము ఓడ నెక్కెడివారు. ఒడ్డుననే ఓడ నిలుచు సౌకర్యము విశాఖకు 1933లో గాని రాలేదు. అంతకుముందు ఓడ దూరమున లంగరు వేసి నిలిచెడిది. చీల లేక నారత్రాటితో పలకలను కుట్టిన మసూలా పడవలలో ఎక్కి, అలల మీద తేలిపోయి, ఓడను అందుకొనవలెను. తట్టా బుట్టా నెత్తిన పెట్టుకొన్నవానికి ఇదియే మొదటి గండము.

ఓడపై కూలికి గది లేదు. డెక్కు మీద చాప పరచినంత చోటే అతని ఇల్లు. ముందు ఎక్కినవానికి నీడ, వెనుక ఎక్కినవానికి ఎండవాన. 1915లో గాంధీమహాత్ముడు రంగూనునందలి తన మిత్రుడు డాక్టరు ప్రాణజీవన మెహతా యొద్దకు కలకత్తానుండి డెక్కు ప్రయాణికుడై పోయెను. స్నానపు గదియు, మరుగుదొడ్లును ఎంత రోతగా నుండెనో ఆయన తన ఆత్మకథలో దాచక వ్రాసెను. ఓడ అధికారికి మొరపెట్టుకొన్నను ఫలము లేకపోయెనట. గాంధీమహాత్ముని మొరయే అట్లయినప్పుడు పలాస చెంతనుండి వచ్చిన కూలి మొర వినువారెవరు?

అంతకంటె బరువైనది మూటలో కనబడక వెంట వచ్చెడిది. అది అప్పు. బర్మాకు పోవువారిలో అనేకులను మేస్త్రీలు కుదుర్చుకొని పోయెడివారు. మేస్త్రీ పల్లెకు వచ్చి, ఓడ చార్జీ తానిచ్చి, ఇంటివారి చేత కొంత బయానా పెట్టి, ఒక పత్రముపై వ్రేలిముద్ర వేయించుకొనును. ఆ మొత్తమును కూలిలో విరుగగోయును. మిల్లు యజమాని ఇచ్చిన సొమ్ము కాంట్రాక్టరు చేతినుండి పెద్ద మేస్త్రీకి, అతనినుండి చిన్న మేస్త్రీకి దిగి కూలి చేతికి వచ్చునప్పటికి ప్రతి మజిలీలోను కొంత కరగెడిది. బయానా పుచ్చుకొని పని మానినవానిని శిక్షించుటకు 1859 నాటి చట్టమొకటి యజమానుల చేతనుండెను. 1925లో గాని దానిని తీసివేయలేదు. మేస్త్రీలందరును దుర్మార్గులని మేము చెప్పుట లేదు. భాష తెలియని ఊరిలో తెలుగు మాటాడి, బస చూపి, పని ఇప్పించువాడు అతడొక్కడే. ఆదుకొన్న చేయియు, కట్టివేసిన చేయియు ఒకటే యగుట ఆ పద్ధతిలోని చిక్కు.

రంగూనులో తెలుగువాని చేయి పడని పని లేదనవచ్చును. ఓడలలో బస్తాలెక్కించుట, మిల్లులలో ధాన్యము మోయుట, రిక్షా లాగుట, వీధులూడ్చుట, రైలుదారి పని, నది కావలనున్న సిరియము చమురు కర్మాగారములో కూలి — ఇవన్నియు వారివే. గుమాస్తాలు, ఉపాధ్యాయులు, కాంట్రాక్టర్లు, వర్తకులు లేకపోలేదు. కాని వారి సంఖ్య కొద్ది. కోతలైన పిదప పుష్య మాఘములనుండి మిల్లులు జోరుగా ఆడును. వానలకు ముందు పని సన్నగిల్లును. ఆ ప్రకారమే జనము వచ్చుచు పోవుచుండిరి.

పనికంటె కష్టమైనది బస. నగరమున అద్దె హెచ్చు. కూలిబసలలో ఒక గదిలో ఉండదగినవారికి రెట్టింపు, మూడు రెట్లు మనుష్యులు పండుకొనెడివారు. పగటిపనివాడు లేచిన చాప మీద రాత్రిపనివాడు నడుము వాల్చును. వేసవిలో కాలిబాటయే మేలని వీధిని చేరినవారు కొల్లలు. వలసవచ్చినవారి యోగక్షేమములు చూచు శాఖలో ఉద్యోగము చేసిన ఆండ్రూ అను ఆంగ్లేయుడు 1933లో రంగూనునందలి భారతీయ కూలీలను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. దానిని చదివినవారికి ఆనాటి బసల ఇరుకు ఎట్టిదో బోధపడును. కొలతలను నిర్ణయించు నిబంధనలుండెను. కాని ఇరుకని బయటికి పంపినచో వారికి వేరొక చోటు లేదు. చోటు లేనిచోట నిబంధన ఏమి చేయును?

భోజనము బసలోని ఉమ్మడి వంటనుండి లభించును. దాని ఖర్చు కూలిలో విరుగును. బియ్యమునకు కొదువలేని దేశమది. అయినను చోడి అంబలికిని, గోంగూరకును నాలుక వాచెడిది. బర్మీయులు ప్రీతితో తిను 'ఙపి' అను ఊరవేసిన చేపల ముద్ద వాసనకు మనవారు ముక్కు మూసికొనిరి; మన చింతపండు పులుసును చూచి వారు నవ్విరి. భాష విషయమును ఇట్టిదే. రంగూను అంగడిలో బర్మా మాట రాకున్నను హిందుస్తానీ ముక్కలు నాలుగు వచ్చినచో రోజు గడచును. అందుచే ముప్పదియేండ్లున్నవాడును బర్మాభాష నేర్వకయే యుండగలిగెను. బర్మాలో చిరకాలము అధికారిగా నుండిన ఫర్నివాల్ అను పండితుడు, ఆ దేశమున పలుజాతులవారు అంగడిలో కలిసికొందురే గాని ఒక్క సమాజముగా కూడిరాలేదని 1948 నాటి తన గ్రంథమున వివరించెను. చింతపండును, ఙపియు ఒకే అంగడిలో ప్రక్కప్రక్కన అమ్ముడుపోవుచుండెను. కొన్నవారు ఒకరి ఇంటికొకరు పోలేదు.

ఇంటితో సంబంధమునకు రెండు ఆధారములుండెను. ఒకటి కార్డు, రెండవది మనియార్డరు. మన తపాలా శాఖవారు 1879లో కాలణా కార్డును, 1880లో మనియార్డరు పద్ధతిని ప్రవేశపెట్టిరి. బర్మా నాడు ఇండియా ప్రభుత్వము క్రిందనే యుండుటచే రంగూనులో కట్టిన రూపాయి టెక్కలిలోనో తునిలోనో తపాలా బంట్రోతు చేతిమీదుగా ఇంటికి చేరెడిది. చదువురాని తల్లికి ఆ రూపాయలు వచ్చుటయే కొడుకు బ్రతికియున్నాడనుటకు గుర్తు. రెండు నెలలు మనియార్డరు రాకున్నచో ఇంట పొయ్యికంటె ముందు గుండె చల్లబడెడిది. కార్డు వ్రాయుట మరియొక కష్టము. వ్రాయనేర్చినవానిని బతిమాలి నలుగురి ఎదుట చెప్పి వ్రాయింపవలెను. భార్యతో చెప్పదలచిన మాట నలుగురు వినగా ఎవడు చెప్పును? అందువలననే ఆ జాబులు అందరి క్షేమమును అడిగి, అసలు మాట చెప్పకయే ముగియుట.

స్త్రీలు ఆ వలసలో బహు కొద్దిమంది. ఇంటిదాని కాపురము ఇచట, ఇంటివాని బ్రతుకు అచట. కొందరు బర్మా స్త్రీలను పెండ్లాడి అచటనే సంసారములు నిలుపుకొనిరి. మనియార్డరు రాక నిలిచిన ఇండ్లలో కొన్నింటికి మరణము కారణము, కొన్నింటికి రెండవ సంసారము కారణము. రెండింటిలో ఏదియో తెలియక ముదిసిన ఇల్లాండ్రు మన పల్లెలలో ఉండిరి. ఈ దుఃఖము ఏ నివేదికలోను చేరలేదు.

జబ్బు చేసినవాని గతి మరింత దయనీయము. 1905లో రంగూనున ప్లేగు ప్రవేశించెను. ఇరుకు బసలలో క్షయ ఇల్లు కట్టుకొనెను. అట్టివారికి 1921లో రామకృష్ణ మిషనువారు నెలకొల్పిన సేవాశ్రమపు ఆసుపత్రి పెద్ద దిక్కయ్యెను. కులము, భాష అడుగక పేదలకు అచట చికిత్స చేసిరి. పరదేశమున రోగికి మందెంత అవసరమో, తన గోడు వినువాడును అంత అవసరము.

ఇంతవరకు చెప్పినవి ఓర్చుకొనదగిన కష్టములు. ఓర్చుకొనరానివి 1930నుండి మొదలయ్యెను. ఆ సంవత్సరము మే నెల 5వ తేదీన పెగూ ప్రాంతమున పెనుభూకంపము సంభవించెను. ఆ దినములలోనే గాంధీమహాత్ముని ప్రభుత్వము నిర్బంధించెను. ఎక్కువ కూలి కోరి తెలుగు రేవుకూలీలు సమ్మె కట్టిరి. యజమానులు వారికి బదులుగా బర్మా కూలీలను పెట్టుకొని పని నడిపించి, సమ్మె పరిష్కారము కాగానే బర్మావారిని పొమ్మనిరి. మే 26న పనికి వచ్చి వట్టిచేతులతో మరలినవారికిని, తిరిగి పనిలో చేరినవారికిని మాటామాట పెరిగి కత్తులు, కర్రలు లేచెను. నూరుమందికి పైగా మరణించిరి, వందలకొలది గాయపడిరి. చనిపోయినవారిలో ఎక్కువమంది మన కూలీలే.

బర్మీయుల కోపమునకు కారణములు లేకపోలేదు. ధాన్యపు ధర పడిపోగా రైతు పొలము అప్పుక్రింద చెట్టియారుల పాలయ్యెను. తన రాజధానిలోనే తనకు కూలిపని దొరకదయ్యెను. లాభము పుచ్చుకొన్నవారు మేడలలోనుండిరి. దెబ్బలు తిన్నవారు వీధిలోనుండిరి. ఇద్దరు పేదల తగవులో మూడవవాడు కనబడకపోవుట చరిత్రలో తరచు జరుగునదే.

1937 ఏప్రిలు 1వ తేదీన బర్మా ఇండియానుండి వేరు చేయబడెను. ఆ దినమున రంగూనునందలి తెలుగు కూలి తన చాపను వదలి అంగుళమైన కదలలేదు. సరిహద్దు మాత్రము కదలినది. నిన్నటివరకు ఒకే ప్రభుత్వము క్రింద ఒక జిల్లానుండి మరియొక జిల్లాకు పోయినవాడు, తెల్లవారునప్పటికి పరదేశి యయ్యెను. అదే దినమునుండి బర్మాకు వేరు తపాలాబిళ్ళలు వచ్చెను. కూలికి ఈ మార్పు అంటించు బిళ్ళలోనే మొదట కనబడియుండును.

వలస రాకపోకలు కొన్నియేండ్లు పూర్వమువలెనే సాగెను. పిదప 1941 జూలైలో ఉభయ ప్రభుత్వములు ఒక ఒడంబడిక చేసికొనిరి. దాని ప్రకారము ఇకమీదట వచ్చువారికి అనుమతి పత్రములు, వానికి రుసుములు కావలెను. ముందునుండి యున్నవారు అచట ఎన్నాళ్ళు నివసించిరో రుజువు చూపవలెను. ఇచటనే మన మొదటి ప్రశ్న తిరిగి వచ్చుచున్నది: అతని చేత ఏ కాగితముండెను? అద్దె అతని పేర లేదు, మేస్త్రీ పేరనున్నది. కూలి లెక్క మేస్త్రీ పుస్తకములో నున్నది. ఓడ చీటి దిగిననాడే పోయినది. ఇరువదియేండ్లు బస్తాలు మోసి భుజము కాయకాచినది. ఆ కాయ ఏ కచేరీలోను రుజువుగా చెల్లదు.

ఒడంబడిక అమలుకు రాకముందే యుద్ధము వచ్చెను. 1941 డిసెంబరు 23న జపానువారి బాంబులు రంగూనుపై పడెను. రేవుకూలీలు పెక్కుమంది ఆ దినముననే మరణించిరి. 1942 మార్చి 8న నగరము జపానువారి వశమయ్యెను. ఆ నెలలలో నాలుగు లక్షలకు మించిన భారతీయులు కాలినడకన స్వదేశపు త్రోవపట్టిరి. కొందరు ప్రోము మీదుగా ఆరకాను కొండలు దాటి చిట్టగాంగునకు, కొందరు తామూ మీదుగా మణిపురమునకు, కొందరు హుకాంగు లోయగుండ అస్సామునకు నడచిరి. కలరా, మలేరియా, ఆకలి వెంటవచ్చెను. త్రోవలో ప్రాణము విడిచినవారు పదివేలకు తక్కువ కారు. సరియైన లెక్క ఎవరును వ్రాయలేదు. కూడబెట్టిన రొక్కమును, పెట్టెలును, దొరికిన కొద్ది కాగితములును ఆ కొండలలోనే పోయెను.

యుద్ధానంతరము కొందరు తిరిగి బర్మా చేరిరి. 1948 జనవరి 4న బర్మా స్వతంత్రమయ్యెను. పౌరసత్వమునకు దరఖాస్తు పెట్టుకొనవలెనని చట్టము చేసిరి. చదువుకొన్నవారు కొందరు పెట్టిరి. "మనము ఎట్లును ఇంటికి పోవువారమే గదా" అని ఉపేక్షించినవారు అనేకులు. ఆ మాట నోటనుండగనే వారి మనుమలు అచట పుట్టి పెరుగుచుండిరి. పౌరులు కానివారు విదేశీయులుగా నమోదై చీటీ ఉంచుకొనవలసినవారైరి. 1962లో సైనిక ప్రభుత్వము వచ్చెను. 1964 మార్చిలో దుకాణములను జాతీయము చేసిరి. అదే సంవత్సరము మే 17న ఏబది, నూరు క్యాటుల నోట్లు చెల్లవనిరి. మరల ఓడలు, ఈసారి రంగమునుండి ఇటువైపు. లక్షకు పైగా భారతీయులు కొన్నియేండ్లలో తిరిగివచ్చిరి. విశాఖపట్టణమున బర్మా క్యాంపు అను పేట ఆ రాకకు గుర్తుగా నేటికిని అదే పేర నున్నది. తెలుగు మాటాడు కుటుంబములు కొన్ని నేటికిని మయన్మారులోనే నివసించుచున్నవి.

ఈ వృత్తాంతమంతయు తరచి చూడగా మాకు తోచునది ఒక్కటి. రంగము పోయినవారిని కష్టము ఓడింపలేదు. కష్టమునకు వారు పుట్టినప్పటినుండి అలవాటుపడినవారే. "కొద్ది రోజులే గదా" అను తలంపు వారిని ఓడించినది. ఆ తలంపుచేత వారు ఇరుకు బసను ఓర్చుకొనిరి, ఆ దేశపు భాషను నేర్వరైరి, పొరుగువానితో చెలిమి చేయరైరి, చేతికి కాగితము పుచ్చుకొనరైరి. ఇందులో వారి తప్పు ఎంత? వ్రాత నేర్పని పల్లెదెంత, పేరు నమోదు చేయని యజమానిది ఎంత, చెప్పక సరిహద్దు కదలించిన ప్రభుత్వములది ఎంత? పాలుపంచి చూడవలసినదే.

నేడు మన పల్లెలనుండి గల్ఫు దేశములకు పోవువారును రెండు మూడేండ్లకే పోవుచున్నారు. ఓడకు బదులు విమానము, మేస్త్రీకి బదులు ఏజెంటు, మనియార్డరుకు బదులు బ్యాంకు వచ్చినవి. బస, జాబు, రొక్కము, జబ్బు, కాగితము అను ప్రశ్నలు మాత్రము అవియే. పోవు బిడ్డకు ఆవకాయ జాడీ కట్టు తల్లి, అతని ఒడంబడిక పత్రమును, అనుమతి పత్రమును ఒక నకలు తీసి ఇంట దాచినచో అది ఆవకాయకంటె ఎక్కువకాలము నిలుచును.

తుదకు శ్రోతలకు మా మనవి యొక్కటి. మీ ఇంట అటక మీద పాత రేకుపెట్టెలో రంగమునాటి జాబు గాని, మనియార్డరు తునక గాని, ఓడ చీటి గాని ఉన్నచో చెదలపాలు చేయకుడు. తాతగారి పేరు, ఊరు, ఏ సంవత్సరమున పోయిరో, ఎప్పుడు వచ్చిరో తెలిసినంతవరకు ఒక కాగితముపై వ్రాసి దానితో చేర్చి యుంచుడు. రాజుల చరిత్రకు శాసనములున్నవి. మన తాతల చరిత్రకు ఆ పెట్టెయే శాసనము.